తాంబూలం ఇవ్వని కచేరి

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను, కుట్టుమిషను ముందు తప్ప. అక్కడైతే కాళ్ళు ఎటూ ఆడుతూనే ఉంటాయి కాబట్టి సరిపోతుంది. మా ఆయన నన్ను కాలుగాలిన పిల్లి అంటారు. నేను కాదనను. అప్పడాల తయారీ మొదలుపెట్టి మానేశాను. మేడ మీద వేసిన కూరగాయల తొట్లలో ఇప్పుడు తొండలు కాపురం ఉంటున్నాయి. వీధిలో ఆడవాళ్ళందరినీ పోగుచేసి పొద్దున్నే నడక అలవాటు చేయించాను. వాళ్ళు ఇప్పటికీ నడుస్తున్నారు, నేనే లేను. "నీది మొదలుపెట్టే చెయ్యి మే. ముగించే చెయ్యి దేవుడు ఇంకెవరికో ఇచ్చినాడు" అంటారాయన, పేపరు మీద నుంచి తల కూడా ఎత్తకుండా.

అలాంటిదాన్ని ఆ రోజు మీటింగులో నోరు మూసుకుని ఉండాల్సింది.

మా ఊళ్ళో బస్టాండు వెనక సందులో, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలకు వ్యాయామం చేయించే కేంద్రం ఒకటి ఉంది. ఊరివాళ్ళే కొందరు కలిసి నడుపుతున్నారు. అక్కడి పరుపులకు గలేబులు, పిల్లల కాళ్ళకు కట్టే పట్టీలకు మెత్తటి పైగుడ్డలు నేనే కుట్టి ఇస్తాను. అలా అలవాటైంది ఆ చోటు. వ్యాయామం చేయించే అమ్మాయిని అందరూ డాక్టరమ్మ అంటారు, నేనూ అంతే. సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పాలేల నుంచి పిల్లల్ని తీసుకొచ్చే పాత వ్యాను ఒకటి ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టీ పట్టీ, ఒకరోజు సరుగుడు తోటల దగ్గర ఆగిపోయింది. మెకానిక్కు చూసి పెదవి విరిచాడు. దాని కోసమే ఆ మీటింగు.

అందరూ చేసే పనులే అందరూ చెప్పారు. ఎవరినో కలవాలని, ఏదో రాసి పంపాలని. నాకు కుర్చీలో ముళ్ళున్నట్టు ఉంది. ఎందుకంటే నా కళ్ళ ముందు ఆ పాప ఉంది. పాలెంలో చేపలు ఎండబెట్టుకునే ఆవిడ కూతురు. అయిదేళ్ళుంటాయేమో. వ్యాను ఆగిపోవడానికి కాస్త ముందే గోడకున్న కమ్మీ పట్టుకుని మొదటిసారి తనంతట తాను నిలబడింది. ఆ రోజు నేను గలేబులు ఇవ్వడానికి వెళ్ళి ఉన్నాను. నిలబడి మమ్మల్ని ఎవరినీ చూడలేదు, కిందికి వంగి తన పాదాల్నే చూసుకుంది, ఇవి నావేనా అన్నట్టు. వ్యాను పోయాక మళ్ళీ రాలేదు. "రోజూ సాగదీయకపోతే కాళ్ళు మళ్ళీ ముడుచుకుపోతాయక్కా. అదే నా భయం" అంది డాక్టరమ్మ మీటింగులో, ఎవరితోనో కాదు, నాతోనే.

"సన్నాయి కచేరి పెడదాం" అన్నాను. అని, "నేను చూసుకుంటా" అని కూడా అన్నాను. నా నోటికి బ్రేకులు లేవు.

సన్నాయి అని ఎందుకన్నానంటే, బిట్రగుంటలో పాత రైల్వే కాలనీ వెనక ఒక పెద్దాయన ఉన్నారు. తరతరాలుగా సన్నాయి వాయించే తురకల ఇల్లు. జిల్లాలో పెద్దింటి పెళ్ళంటే ఆయన మేళం ఉండాల్సిందే. కానీ పెళ్ళిలో ఆయన సన్నాయి వినేదెవరు? మాంగల్యధారణ దగ్గర గట్టిమేళం అని అరుస్తారు, మిగతా సేపంతా ఫోటోల వాళ్ళ గోల, పలావు వాసన. ఆయన కళ్ళు మూసుకుని రాగం తీస్తుంటే పక్కనే పిల్లలు బెలూన్లు పగలగొడుతుంటారు. నా పెళ్ళికీ ఆయనే వాయించారు. నేనూ వినలేదు. ఒక్క సాయంత్రం జనం కూర్చుని ఆయన సన్నాయి వినాలి, టిక్కెట్టు కొని వినాలి. ఇదీ నా ఆలోచన. ఇప్పటికీ మంచి ఆలోచనే అంటాను.

ఫోను చేశాను. పిల్లల సంగతి, వ్యాను సంగతి చెప్పి, "అన్నా, ఊరికే వాయించాలి, డబ్బులివ్వలేం" అన్నాను, మొహమాటం లేకుండా.

"పసిబిడ్డల పనికి డబ్బులేందమ్మా? వాయిస్తాం, దాందేముండాది" అన్నారు.

ఇంకేం కావాలి? ఆదివారమైతే అందరికీ తీరిక అని ఒక ఆదివారం పెట్టేసి, ఆయనకూ ఫోనులోనే చెప్పేశాను. హైస్కూలు గ్రౌండుకు అనుమతి తెచ్చాను. షామియానా అతన్ని బతిమాలాను. బస్టాండు దగ్గర, రైలుగేటు దగ్గర, రొయ్యల మేత కొట్ల ముందు ఫ్లెక్సీలు కట్టించాను. టిక్కెట్లు పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగాను. నేను జాకెట్లు కుట్టి ఇవ్వాల్సిన వాళ్ళు మా కొట్టుకు తాళం చూసి ఫోనులో తిడుతున్నారు. అన్నం తింటూ ఫోను, ఫోనులో మాట్లాడుతూ స్కూటీ. ఆ రోజుల్లో నన్ను చూస్తే నాకే కళ్ళు తిరిగేవి, కానీ ఆ పరుగులో ఒక సుఖం ఉంది, అబద్ధం చెప్పను.

కచేరి ఇంకా కొద్దిరోజులుందనగా, వాట్సాపులో పంపడానికి పెద్దాయన వీడియో ఒకటి తీసుకుందామని బిట్రగుంట వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని సన్నాయి మూతికి బిగించే పీకలు ఎండలో పెట్టుకుంటున్నారు. డోలు వాయించే అల్లుడు లోపలి నుంచి స్టూలు తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు. ఫోను తీసి, "అన్నా, ఆదివారం కచేరికి అందరూ రండి అని ఒక మాట చెప్పండి" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశారు. "ఆ ఆదివారమా? ఆ పొద్దు మాకు వెంకటాచలంలో పెళ్ళి ఉండాది గదా."

నాకు అర్థం కాలేదు. "అదేందన్నా, వాయిస్తామని నాతో చెప్పినారు గదా!"

"చెప్పినా. లేదన్నానా? నువ్వొస్తావని ఎదురుజూసినా. రాలేదు. వాళ్ళొచ్చి తాంబూలం ఇచ్చినారు. పుచ్చుకున్నా."

"మీరే గదా డబ్బులొద్దన్నది!"

"డబ్బొద్దన్నా తల్లీ. తాంబూలం వద్దన్నానా?"

అప్పుడు వచ్చింది నాకు కోపం. సగం ఆయన మీద, సగం నా మీద. రెండు ఆకులు, ఒక వక్క! దాని కోసం ఊరంతా కట్టిన ఫ్లెక్సీలు, గ్రౌండు, షామియానా, అన్నీ నీళ్ళపాలు. "మనిషి మాటకు విలువ లేదా అన్నా? ఆకుకుందా?" అని గట్టిగానే అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు.

ఆయనా తక్కువవారేమీ కాదు. ముక్కు మీద కోపం. "నోటి మాట రోజుకు పదిమంది చెప్తారు. దారిన కనపడినోళ్ళంతా మా అమ్మాయి పెళ్ళికి నువ్వే అంటారు. నమ్ముకుంటే మా పొయ్యి వెలగదు. ఆకు చేతిలో పెట్టినోడిది ఆ పొద్దు. మా తాత కాడి నుంచి ఇంతే. ఊరికే వాయించేవాడికి ఆకు కూడా దండగే అనుకున్నావు గదా నువ్వు" అని పీకలన్నీ ఏరుకుని డబ్బాలో వేసుకున్నారు, ఇక నువ్వు పోవచ్చు అన్నట్టు.

చివరి మాట గుచ్చుకుంది. నేను అలా అనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు, అదే వచ్చిన చిక్కు. పెళ్ళికి పిలిచేటప్పుడైతే ఆకూవక్కా మరచిపోతామా? ధర్మానికి వాయించేవాడికి మాత్రం ఫోను చాలనుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయన ముందు కూలబడ్డాను. ఆయన లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద పడి ఉన్న శుభలేఖలు తెచ్చి నా ఒళ్ళో వేశారు. "ఆ ఆదివారం మనకే రెండు పెళ్ళిళ్ళు ఉండాయి మే. ఊరంతా పెళ్ళిళ్ళలో ఉంటాది. నీ కచేరికి షామియానా వాడొక్కడే వచ్చుంటాడు." ముందే చెప్పొచ్చుగా అన్నాను. "నువ్వు నిలబడి వింటే గదా చెప్పేది" అన్నారు. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ముహూర్తాలు అయిపోయేదాకా పెద్దాయనకు ఖాళీ లేదు. ఆ తర్వాత మూఢం. పెళ్ళిళ్ళు ఉండవు, మేళాలన్నీ ఇళ్ళలోనే ఉంటాయి, జనానికీ సాయంత్రాలు ఖాళీ. లెక్క కుదిరింది. కానీ మూఢం అనగానే కేంద్రం నడిపే పెద్దమనుషులు ముఖాలు చిట్లించారు. మూఢంలో మంచి పని మొదలుపెడతారా అని. "పిల్ల కాళ్ళు ముడుచుకుపోయేటప్పుడు పంచాంగం చూసుకుని ముడుచుకుంటాయా?" అని లేచాను. తలలూపారు. ఒప్పుకున్నారో, నా నోటికి భయపడ్డారో నాకనవసరం.

మర్నాడు ఇత్తడి పళ్ళెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు పెట్టుకుని, పైన పూలు పెట్టుకుని మళ్ళీ బిట్రగుంట వెళ్ళాను, ఈసారి మా ఆయన్ని కూడా తీసుకుని. పెద్దాయన లోపలికెళ్ళి కొత్త చొక్కా వేసుకొచ్చి, రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. నన్ను తిట్టిన సంగతి ఆయనకు గుర్తున్నట్టే లేదు. "ఇంక నిమ్మళంగా పో తల్లీ" అన్నారు.

నిమ్మళం ఎక్కడిది? రోజులు వెనక్కి జరిగాయి గదా. జరిగిన ప్రతి రోజూ ఆ పాప కాళ్ళ మీదే పడుతోంది. ఫ్లెక్సీల మీద పాత తేదీ మీద కొత్త తేదీ కాగితాలు అంటించి వస్తే, సముద్రపు గాలికి అవి ఊడిపోయి పాత తేదీ మళ్ళీ బయటపడేది. నేను మళ్ళీ అంటించేదాన్ని. పాత ఆదివారం నాడు కొందరు నిజంగానే గ్రౌండుకు వచ్చి, ఎవరూ లేరని నాకు ఫోను చేసి కడిగిపెట్టారు. పడ్డాను.

ఒకరోజు ఉండబట్టలేక స్కూటీ మీద పాలెం వెళ్ళాను. పాప వాళ్ళ ఇంటి ముందు ఇసకలో వల పరిచి, దాని మీద చేపలు ఆరబోసి ఉన్నాయి. తల్లి కాకుల్ని తోలుతోంది. పాప చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది, మోకాళ్ళు పైకి లేచి.

"డాక్టరమ్మ చూపించినట్టే నేనూ సాగదీస్తుండానక్కా" అంది తల్లి. "కానీ నేను పట్టుకుంటే ఏడుస్తాది. ఏడిస్తే నా చెయ్యి ఆడదు. ఆడికొచ్చినప్పుడు మిగతా పిలకాయల్ని చూసి చేసేది." తర్వాత అడిగింది. "సన్నాయి అయిపోతే బండొస్తాదా?"

"వస్తుంది" అన్నాను. అనేసి, నేనెవరిని ఆ మాట చెప్పడానికి అని స్కూటీ తోలుకుంటూ దారంతా భయపడ్డాను. ఉత్త నోటి మాట. ఇంతకాలం నేను పంచిపెట్టినవన్నీ అవే కదా.

కచేరి రోజు పొద్దున్నించి నా ఒంట్లో రక్తం ఒకచోట ఆగలేదు. గాలికి షామియానా గుర్రంలా ఎగురుతోంది. కుర్చీలు చాలవు, టీ ఇంకా రాలేదు, మైకు కీచుమంటోంది. జనం మాత్రం వచ్చారు. పొలాల వాళ్ళు ట్రాక్టర్ల మీద వచ్చారు, చిల్లకూరు వైపు నుంచి కూడా. బజారులో అత్తరు, చెప్పుల కొట్ల సాయిబులు కుటుంబాలతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. డోలు అల్లుడు సామాను దించుతూ నా చెవిలో ఒక మాట వేశాడు. "అక్కా, ఈ పొద్దు హైవే మీద ఎవరో పెద్ద నాయకుడికి స్వాగతమంట. మేళానికి మా కాడికొచ్చినారు. బాగా ఇస్తామన్నారు. నాకు మనసు లాగింది. మామ మీ పళ్ళెం చూపించి తలుపేసినాడు." ఆ పళ్ళెం నేను వెనక్కి తెచ్చుకోవడం మరచిపోయాను, ఆయన గూట్లో పెట్టుకున్నారట.

సన్నాయి మొదలైంది. నేను వినలేదు. వెనక్కీ ముందుకీ తిరుగుతున్నాను. టీ గ్లాసులు, కరెంటు తీగ, ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు బల్లలు. రెండో కీర్తన మధ్యలో సన్నాయి ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని తీగ దగ్గరికి పరిగెత్తాను. పెద్దాయన మైకు దగ్గరకు జరిగారు.

"ఆ తల్లి కూర్చుంటేనే వాయిస్తా. నా ముందర అట్టా ఇట్టా తిరగతా ఉంటే రాగం కూడా ఆమె ఎమ్మటే పోతా ఉండాది."

గ్రౌండంతా నవ్వు. మా ఆయన అందరికంటే గట్టిగా. పెద్దాయన అక్కడితో ఆపితే బాగుండు. "మొదట తాంబూలం లేకుండా ఫోన్లో పిలిచింది. అలిగినా. తర్వాత పళ్ళెం తెచ్చింది. ఆకు పుచ్చుకున్నాక ఇంక తుపానొచ్చినా రావాల. వచ్చినా. నువ్వూ కూర్చోవాల" అన్నారు. సిగ్గుతో చచ్చి, దగ్గర్లో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

పక్కన చూస్తే పాలెం ఆవిడ. ఎవరో ఆటోలో ఎక్కించుకొచ్చారట. పాప ఒళ్ళో ఉంది. పాప పాదం నా తొడకు తగులుతోంది, వేళ్ళు కిందికి సాగి, మడమ పైకి లాగేసి, గట్టిగా. అప్పుడు విన్నాను సన్నాయి. పెద్దాయన ఒక్క స్వరం మీద నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారంటే, నా ఊపిరి కూడా నేను పట్టుకున్నాను. పాప పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, డాక్టరమ్మ చేసినట్టే మెల్లగా పైకి ఒత్తాను. ఏడవలేదు, సన్నాయి వైపే నోరు తెరుచుకుని చూస్తోంది. కానీ మడమ కొంచెం కూడా దిగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం చివరిదాకా లేవలేదు నేను. అంతసేపు కదలకుండా కూర్చోవడం నా జన్మలో అదే.

వచ్చిన డబ్బుకు, తర్వాత తలా ఇంత వేసుకున్నదానికి, మంచి సెకండుహ్యాండు వ్యాను వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇక నా పని అయిపోయింది. అప్పటికే నా బుర్రలో ఇంకేదో తిరుగుతోంది, బడిపిల్లలకు కుట్టుపని నేర్పించాలని. మా ఆయనకు చెప్తే పేపరు మడిచి, "ఇంక బండి ఊసు ఎత్తవు" అన్నారు. తప్పేముంది, అది కొనడం వరకే గదా నేను ఒప్పుకున్నది అన్నాను.

మొదటి రోజు మాత్రం వ్యానులో నేనూ వెళ్ళాను, చూద్దామని. డాక్టరమ్మ కూడా ఉంది. పాలెంలో వ్యాను ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. తల్లి పాపను ఎత్తుకొచ్చింది. డాక్టరమ్మ సీటు మీద పడుకోబెట్టి మోకాళ్ళు పట్టి చూసింది. ఒకసారి చూసి, మళ్ళీ చూసింది.

"మళ్ళీ మొదటినుంచి చెయ్యాలమ్మా. చాలాకాలం పడుతుంది. ఒక్కరోజు కూడా మానకూడదు" అంది మెల్లగా.

తల్లి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కాసేపుండక్కా" అని నాతో చెప్పి ఇంట్లోకి పోయింది. డ్రైవరు హారను కొట్టాడు, మిగతా పాలేలకు ఆలస్యమవుతోందని. నా కాళ్ళు అప్పటికే వ్యాను మెట్టు మీద ఉన్నాయి. ఆమె బయటికొచ్చింది. చేతిలో స్టీలు పళ్ళెం. అందులో రెండు తమలపాకులు, వక్క, ఒక అరటిపండు. చేపలు పట్టిన చేతులు కడుక్కొచ్చినట్టుంది, నీళ్ళు కారుతున్నాయి.

"తీసుకోక్కా."

"నాకెందుకే ఇది?"

"బండొస్తాదని నువ్వు నోటి మాట చెప్పినావు. వచ్చింది. రోజూ వస్తాదని ఎవరు చెప్తారు నాకు? ఆకు పుచ్చుకుంటే రాకుండా ఉండేదానికి లేదని సన్నాయి తాత చెప్పినాడు గదా. నువ్వు పుచ్చుకో. బండి ఏ పొద్దన్నా రాకపోతే నిన్ను అడగతా."

నాకు భయం వేసింది. ఇది అప్పడాలు కాదు, తొట్లలో కూరగాయలు కాదు. వద్దు తల్లీ, నా సంగతి నీకు తెలియదు, మా ఆయన్ని అడుగు, అందామని నోటిదాకా వచ్చింది. వ్యానులో నుంచి పాప చూస్తోంది, నన్ను కాదు, పళ్ళెంలో అరటిపండును.

మెట్టు మీద నుంచి ఇసకలోకి దిగి, కొంగు పట్టాను.